నిలువు గీతను ఎలా చదవాలి: ఒక కొత్త రచయిత్రికి

చిరంజీవి రచయిత్రికి ఆశీస్సులు.

నీ వ్యాసం మూడో పేజీ దగ్గర ఆగిపోయాను. కూడిక గుర్తు ∑, దాని కింద 'డి | ఎన్', పక్కన డి. ఆ నిలువు గీతను నువ్వు 'బై' అని చదివావు. ఎన్ అంటే 12 అనుకుని, 1/12, 2/12, 3/12 అంటూ చివరిదాకా కూడి, ఆరున్నర తేల్చావు. జవాబు 28. వ్యాసం ఆరంభం బాగుంది. కానీ ఈ ఒక్క గీత దగ్గర జరిగిన తప్పుతో తరవాతి నాలుగు పేజీలూ కూలిపోయాయి కాబట్టి దాని గురించే రాస్తున్నాను.

వాలు గీత రెండు సంఖ్యలను తీసుకుని మూడో సంఖ్యను ఇస్తుంది. 12/3 అంటే 4. నిలువు గీత సంఖ్యను ఇవ్వదు, ఒక మాట చెబుతుంది: 'డి ఎన్‌ను శేషం లేకుండా భాగిస్తుంది.' 3 | 12 నిజం, 5 | 12 అబద్ధం. పైగా దిశ కూడా తిరగబడుతుంది. వాలు గీతలో భాగించే సంఖ్య కుడివైపు ఉంటుంది, నిలువు గీతలో ఎడమవైపు. చాలామంది పొరపడేది ఇక్కడే. ∑ కింద ఉన్నది ఒక షరతు. ఆ షరతు నిజమయ్యే డి విలువలు మాత్రమే కూడికలోకి వస్తాయి: 1, 2, 3, 4, 6, 12. కూడితే 28.

నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. గణితంలో గుర్తు బొమ్మ కాదు, కుదించిన మాట. అది పుట్టిందే అలా. సమాకలనం గుర్తు ∫ అనేది 1675లో జర్మన్ గణితవేత్త లైబ్నిట్జ్ 'సుమ్మా' అనే లాటిన్ మాట మొదటి అక్షరాన్ని నిలువుగా సాగదీసి రాసినది. సుమ్మా అంటే మొత్తం. సమితిలో ఉండడాన్ని చెప్పే ∈ అనేది 1889లో ఇటలీ గణితవేత్త పెయానో గ్రీకు 'ఎస్తి' నుంచి తీసుకున్న మొదటి అక్షరం. ఎస్తి అంటే 'ఉంది, అయి ఉంది'. మన అస్తి, నాస్తిలోని అస్తికి అది తోబుట్టువు. అంటే ఆ గుర్తులో ఒక క్రియ ఉంది. క్రియను మింగేసి 'ఎక్స్ బిలాంగ్స్ ఎ' అని గొణిగితే సరిపోదు. 'ఎక్స్ అనేది ఎ సమితిలో ఉంది' అని పైకి, పూర్తి వాక్యంగా అనాలి. అలా అనలేకపోతే ఇంకా అర్థం కాలేదనే లెక్క.

పైకి చదవని రాత తెలుగులో వెంటనే దొరికిపోతుంది. విభక్తి పట్టిస్తుంది. డి తరవాత 'కి, ని' వస్తాయి, ఎన్ తరవాత 'కు, ను' వస్తాయి. నీ రాతప్రతిలో 'డికు', 'ఎన్‌ని' అని ఉన్న చోట్లన్నీ గుర్తును కళ్లతో దాటేసిన చోట్లే.

తెలియని గుర్తు ఎదురైతే ముందుకు పోకు, వెనక్కి పో. ఆ అధ్యాయంలో అది మొదటిసారి వచ్చిన చోటు వెతుకు. పుస్తకం ముందో వెనకో సంకేతాల పట్టిక ఉందేమో చూడు. ఒకే గుర్తుకు రంగాన్ని బట్టి అర్థం మారుతుంది. (4, 6) అంటే ఒకచోట క్రమయుగ్మం (వరస ముఖ్యమైన జంట), ఒకచోట వివృతాంతరం (చివరలు వదిలి 4కీ 6కీ మధ్య ఉన్న సంఖ్యలన్నీ), సంఖ్యా సిద్ధాంతంలో గ.సా.భా. (రెంటినీ భాగించే అతిపెద్ద సంఖ్య), అంటే 2. పై(10) అంటే 3.14 ఇంటూ 10 కాకపోవచ్చు, 10 వరకు ఉన్న ప్రధాన సంఖ్యల లెక్క కావచ్చు. అప్పుడది 4. ఆధారం రాయని లాగ్ 8 కంప్యూటర్ శాస్త్రంలో సాధారణంగా 3 (ఆధారం 2), సంఖ్యా సిద్ధాంతంలో దాదాపు 2.079 (ఆధారం ఇ), ఇంజనీరింగ్ పట్టికలో 0.903 (ఆధారం 10). సైన్ మీద 2 ఉంటే వర్గం, అదే సైన్ మీద -1 ఉంటే విలోమ ప్రమేయం. పేరు కూడా తెలియని గుర్తయితే, గీసి చూపిస్తే పేరు చెప్పే డీటెక్సిఫై లాంటి పనిముట్లున్నాయి.

తరవాత, అక్షరాల్లో ఏది లోపలిదో, ఏది బయటిదో తేల్చుకో. నీ కూడికలో డి లోపలి అక్షరం. లెక్క అయ్యాక అది మిగలదు, జవాబు ఎన్ మీదే ఆధారపడుతుంది. డి బదులు కె రాసినా ఏమీ మారదు. ఎన్ రాస్తే మాత్రం అంతా చెడుతుంది. ఆపైన చిన్న సంఖ్యలు వేసి చూడు. ఎన్ 1 అయితే 1, ఎన్ 7 అయితే 8. అంచుల దగ్గర కూడా పరీక్షించు. కూడడానికి ఏమీ లేని కూడిక 0, గుణించడానికి ఏమీ లేని గుణకారం 1. సున్నా ఫ్యాక్టోరియల్ (ఒకటి నుంచి ఆ సంఖ్య వరకు ఉన్నవాటి గుణకారం) 1 అవడంలో వింతేమీ లేదని అప్పుడు తెలుస్తుంది.

అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్త ∀ (ప్రతి దానికీ), ∃ (ఒకటైనా ఉంది) అనే గుర్తుల వరసలో కావాలి. ఇక్కడ తెలుగు గొప్పగా సాయపడుతుంది. అవిచ్ఛిన్నత అంటే ఎక్స్ కొద్దిగా కదిలితే ప్రమేయం విలువ కూడా కొద్దిగానే మారడం. విలువలో ఒప్పుకునే తేడా ఎప్సిలాన్, అందుకు ఎక్స్ దాటకూడని దూరం డెల్టా. దాని నిర్వచనాన్ని 'ఎక్స్ ఎక్కడున్నా, ఎప్సిలాన్ ఎంత చిన్నదిచ్చినా, దానికి తగ్గ డెల్టా ఒకటి దొరుకుతుంది' అని చదువు. ఆ 'ఉన్నా', 'ఇచ్చినా' అనేవే ∀. వరస మార్చి డెల్టాను ఎక్స్ కన్నా ముందుకు తెస్తే, 'ఎప్సిలాన్ ఎంత చిన్నదిచ్చినా, ఎక్స్ ఎక్కడున్నా సరిపోయే ఒకే డెల్టా దొరుకుతుంది' అవుతుంది. ఒకటి, ఒకే. ఆ ఏకారంలో ఉన్నదే ఏకరూప అవిచ్ఛిన్నత. వర్గ ప్రమేయాన్ని (ఎక్స్ ఇస్తే ఎక్స్ వర్గం ఇచ్చేదాన్ని) తీసుకో, ఎప్సిలాన్ 0.1 అనుకో. ఎక్స్ 1 దగ్గర డెల్టా 0.048 సరిపోతుంది. 100 దగ్గర 0.0005 కూడా ఎక్కువే, 0.0004కి దిగాలి. ఇంకా దూరం పోతే ఇంకా చిన్నది కావాలి. మొదటి వాక్యం దానికి నిజం, రెండోది కాదు. గుర్తుల్లో ఈ తేడా రెండు అక్షరాల తారుమారు మాత్రమే. కంటికి ఆనదు, చెవికి ఆనుతుంది.

సమాన గుర్తును కూడా ఊరికే నమ్మకు. జర్మన్ గణితవేత్త బాఖ్‌మన్ 1894లో తెచ్చిన పెద్ద ఓ సంకేతంలో (ఒక ప్రమేయం ఎంత వేగానికి మించి పెరగదో చెప్పేది) ఎడమనుంచి కుడికి మాత్రమే చదవాలి. 'ఎన్ వర్గం స్థాయిది ఎన్ ఘనం స్థాయిలోకి వస్తుంది' నిజం, తిరగేస్తే కాదు. అక్కడ దాన్ని 'సమానం' అనకు, 'చెందుతుంది' అను.

సూత్రం కనిపిస్తే పాఠకుడు పారిపోతాడని గుర్తులన్నీ కొట్టేసి, వాటి చోట 'ఒక సంక్లిష్టమైన సమీకరణం ద్వారా' అని వేసే సంపాదకులున్నారు. ఆ మాటతో పాఠకుడికి ఏం మిగిలింది? వాళ్లతో వాదించు. దీనికి ఎదురు జబ్బు ఈమధ్య ఎక్కువైంది: వివరణ లేకుండా సూత్రాన్ని అలంకారంగా అతికించి 'ఇది స్పష్టమే' అనడం. నీ వ్యాసంలో ఆ మాట మూడుసార్లుంది. మూడూ తీసెయ్. గుర్తు మొదటిసారి వచ్చినప్పుడు ముందు మాటల్లో చెప్పు, తరవాత గుర్తు పెట్టు. వ్యాసమంతా ఒక అక్షరానికి ఒకే పని ఇవ్వు. వాక్యాన్ని గుర్తుతో మొదలుపెట్టకు. రెండు సూత్రాల మధ్య కామా ఒక్కటే ఉంచకు, ఒక మాట వెయ్యి. మామూలు వాక్యం మధ్యలో 'ప్రతి' బదులు ∀ వాడకు.

కలం పేరు సంగతీ, పత్రికల సంగతీ అడిగావు. ముందు మూడో పేజీ తిరగరాయి. అదే కూడికలో ఎన్ స్థానంలో 6 వేసి చూడు, తరవాత 28, ఆ తరవాత 496. ఒక్కోసారీ వచ్చిన మొత్తాన్ని ఎన్ పక్కన రాసుకుని, ఆ రెంటికీ ఉన్న సంబంధాన్ని ఒక్క వాక్యంలో పైకి చెప్పు. నాలుగో పేజీ ఆ వాక్యంతో మొదలవ్వాలి.