పీఎన్‌జీకి మార్చాలా, పీఎన్‌జీగా మార్చాలా?

సందేహం: ఒంగోలులో పిల్లలకు కంప్యూటర్ చెప్తుంటాను. వెబ్ పేజీల పాఠం రాస్తూ ‘కర్సర్ ఫైళ్లను పీఎన్‌జీకి మార్చడం’ అని శీర్షిక పెట్టాను. కర్సర్ అంటే మౌస్‌తో పాటు తెరమీద కదిలే గుర్తు, పీఎన్‌జీ అంటే ఒక రకం బొమ్మ ఫైలు. తోటి మాస్టారు ‘పీఎన్‌జీగా’ అనాలన్నారు, ఇంకొకాయన ‘మార్పిడి’ అని పెట్టమన్నారు. ఏది సరి? కర్సర్‌లో క్లిక్ పడే చోటును హాట్‌స్పాట్ అంటారు, దాన్ని తెలుగులో ఏమనాలి?

సమాధానం: మీ తోటి మాస్టారు చెప్పిందే సరి. ఒక వస్తువు రూపం మారితే మనం ‘గా’ వాడతాం, ‘ముందు గదిని అంగడిగా మార్చారు’ అన్నట్టు. ‘కి’ చోటు మారడానికి. ‘ఆయన్ని ఒంగోలు నుంచి కావలికి మార్చారు’ అంటే బదిలీ చేశారని ఎవరికైనా అర్థమవుతుంది. ఇంగ్లీషులో ‘టు’ కనబడగానే ‘కి’ రాసేయడం ఈమధ్య బాగా అలవాటైపోయింది, పాఠాల్లోనైనా దాన్ని ఆపాలి.

‘ఫార్మాట్’ అనే మాట కూడా రాస్తే మాత్రం ‘పీఎన్‌జీ ఫార్మాట్‌లోకి మార్చడం’ అనండి. భాషల సంగతీ అంతే, మన నెల్లూరి తిక్కన భారతంలో విరాటపర్వం మొదలు 15 పర్వాలు తెలుగులోకి తెచ్చాడంటాం గానీ ‘తెలుగుకి తెచ్చాడు’ అనం.

‘మార్పిడి’ వద్దు. నోట్ల మార్పిడి, కిడ్నీ మార్పిడి, పంట మార్పిడి, వీటన్నిట్లో ఒకటి పోయి దాని చోటికి ఇంకొకటి వస్తుంది. ‘ఫైళ్ల మార్పిడి’ అంటే ఇద్దరు ఫైళ్లు ఇచ్చిపుచ్చుకున్నారని పిల్లలు అనుకుంటారు.

ఇక హాట్‌స్పాట్. ఈ మాట వినగానే పిల్లలకు గుర్తొచ్చేది ఫోన్లో నెట్ పంచుకోవడం, కాబట్టి దీనికి తెలుగు మాట అవసరమే. ములుగర్ర చూసే ఉంటారు కదా, కర్ర ఎంత పొడుగున్నా ఎద్దుకు తగిలేది చివరున్న ములుకే. కర్సర్ బొమ్మ 32 పిక్సెళ్ల (తెరమీది చిన్న చుక్కల) వెడల్పు, 32 పిక్సెళ్ల ఎత్తు ఉన్నా క్లిక్ పడేది ఒక్క పిక్సెల్ మీదే. బాణం గుర్తుకైతే ‘మొన’ అనే మాట చక్కగా అతుకుతుంది. కానీ ప్లస్ గుర్తుకు ఆ చుక్క నడిమధ్యలో ఉంటుంది, అక్కడ మొన అనలేం. అందుకని అన్నిటికీ కలిపి ‘తాకే చుక్క’ అని రాయమంటాను.

ఆ మాట మీ పాఠంలో తప్పకుండా ఉండాలి, ఎందుకంటే తాకే చుక్క ఎక్కడుందో కర్సర్ ఫైలు మొదట్లోనే రెండు అంకెలుగా రాసి ఉంటుంది, పీఎన్‌జీలో దానికి చోటు లేదు. మార్చేముందు ఆ అంకెలు రాసిపెట్టుకుని, వెబ్ పేజీలో బొమ్మ పేరు పక్కన మళ్లీ ఇవ్వాలి. ఇవ్వకపోతే బ్రౌజర్ పై ఎడమ మూలనే తాకే చుక్క అనుకుంటుంది, ప్లస్ గుర్తు పెట్టుకున్నవాళ్లకు క్లిక్ పక్కకు పోతుంది.

కదిలే కర్సర్లు, అంటే ఏఎన్ఐ ఫైళ్ల దగ్గర మాత్రం ‘మార్చడం’ కూడా పూర్తిగా కుదరదు. వాటిలో బొమ్మలు వరసగా ఉంటాయి, మామూలు పీఎన్‌జీలో పట్టేది ఒక్క బొమ్మే. అక్కడ ‘ఒక్కో బొమ్మనూ పీఎన్‌జీగా తీయడం’ అని రాయండి.