రొయ్యల చెరువు ఊటతో చౌడుబారిన పొలం బయోస్టిమ్యులెంట్లతో బాగవుతుందా?

పక్క రొయ్యల చెరువు ఊటకి పాడైన మీ రెండెకరాల వరి పొలం హ్యూమిక్ యాసిడ్, సముద్రపు నాచు లాంటి బయోస్టిమ్యులెంట్ (పైరు ఎదుగుదలకి ఊతమిచ్చే) మందులతో మళ్లీ దారికొస్తుందా అని అడిగారు. రాదండి. అవి పైరుకి కాస్త ఊతమిస్తాయి, నేలలోని ఉప్పుని ఏమీ చేయలేవు.

బంటుమిల్లి వైపు మా మేనమామ పొలం పరిస్థితి ఇదే. పక్క చేలో చెరువు తవ్వారు, మధ్యలో ఊట కాలువ తీయలేదు. దాళ్వా (రబీ వరి) వచ్చేసరికి గట్టు పొడవునా నేల మీద తెల్లటి పొర తేలింది, నాటిన మొక్కలు కొసల నుంచి ఎండిపోవడం మొదలైంది. మందుల కొట్టు నుంచి ఒకతను వచ్చి నల్లటి సీసా చూపించి, "ఇది ఉప్పుని విరిచేస్తుందండి, కొట్టి చూడండి" అన్నాడు. మామయ్య కొట్టించాడు. కొద్ది రోజులకే పైరు పచ్చబడింది, అది నేనూ చూశాను, ఆయన ఊళ్లో అందరినీ గట్టు మీదకి తీసుకెళ్లి మరీ చూపించాడు. ఆ తర్వాత కాలువ నీళ్ల వంతు తప్పింది, మడి ఆరింది, అడుగున ఉన్న ఉప్పంతా తేమతో పాటు పైకొచ్చింది. చెరువు వైపు మడుల్లో ఒక్క దుబ్బు కూడా మిగల్లేదు. అది కౌలు చేను కూడా కాదు, సొంత భూమి, ఆయన రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

ఇలా అమ్మేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. 2021లో బయోస్టిమ్యులెంట్లని ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చారు కదా, అందులో వాటి పనిగా రాసిందంతా మొక్క గురించే: పోషకాలు తీసుకోవడం, ఎదుగుదల, ఒత్తిడిని తట్టుకోవడం. చౌడు పోగొడతాయని అందులో లేదు. సూక్ష్మజీవులు నేలని శుభ్రం చేస్తాయి కదా అంటారేమో. 1989లో అలాస్కా తీరంలో చమురు ఒలికినప్పుడు నత్రజని, భాస్వరం ఎరువులు వేస్తే అక్కడి సూక్ష్మజీవులే చమురుని వేగంగా తినేశాయి, నిజమే. కానీ ఉప్పుని తినే సూక్ష్మజీవి లేదు. దాన్ని నీళ్లతో కడిగి బయటికి పంపాల్సిందే, వేరే దారి లేదు.

మామయ్య పొలం బాగుపడింది కూడా అలాగే. ముందు చెరువుకీ చేనుకీ మధ్య లోతుగా ఊట కాలువ తీయించాం. గుర్రపుడెక్కతో పూడుకుపోయిన మురుగు డ్రెయిన్‌ని చుట్టుపక్కల రైతులం తలా కొంత వేసుకుని బాగుచేయించుకున్నాం, ఎవరికి అర్జీ పెట్టినా కదలలేదు మరి. వానాకాలంలో గట్లు గట్టి చేసి, మంచినీళ్లు నిలబెట్టి తీసేయడం, మళ్లీ పెట్టడం. తర్వాత పచ్చిరొట్ట ఎరువుగా జీలుగ చల్లి పూతకి రాగానే దమ్ములో తొక్కించేశారు. ఆ పైన మచిలీపట్నం పరిశోధన కేంద్రం వాళ్ల చౌడు తట్టుకునే రకం ఎంసీఎం 103 వేశాడు. గట్టు పక్కన ఇప్పటికీ పైరు కొంచెం పలచనే, మిగతా చేను మాత్రం నిలబడింది. నారుమడిలో హ్యూమిక్ ఇప్పుడూ వాడతాడు, వేరు బాగా పడుతుంది, దానికి నేనేమీ అడ్డు చెప్పను.

అసలు ఈ బాధ మనకెందుకు? వ్యవసాయ భూముల్ని రొయ్యల చెరువులుగా మార్చొద్దని సుప్రీంకోర్టు 1996 డిసెంబరులోనే చెప్పింది. డెల్టాలో ఎటు చూసినా చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లే తిరుగుతున్నాయి. చెరువు తవ్వినవాడికి లాభం, పక్కవాడికి చౌడు.

మీరైతే ముందు మట్టి పరీక్ష చేయించండి. ఈసీ (నేలలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) 4 దాటి, పీహెచ్ 8.5 లోపు ఉంటే పాలచౌడు, నీళ్లతో కడగడమే మందు. పీహెచ్ 8.5 దాటితే కారుచౌడు, జిప్సం వేశాకే కడగాలి. ఎంత వేయాలో పరీక్ష చేసినవాళ్లే చెబుతారు, కొట్టువాణ్ణి అడక్కండి. మీ చేలో మురుగు ఎటు పోతుందో రాయలేదు. పోయే దారి లేకపోతే మాత్రం సీసాలకి పెట్టే డబ్బు ముందు జేసీబీకి పెట్టండి.