పైనుంచి ఆర్డరంట, కాగితం మాత్రం లేదట

ప్రశ్న: ప్రభుత్వ అధికారులు తమ అధికారాన్ని మరీ వింతగా, అతిగా వాడిన సంఘటన మీకు ఎప్పుడైనా ఎదురైందా?

ఈ ప్రశ్నకి వచ్చిన మిగతా జవాబులు చదివాను. చాలామంది ఎమర్జెన్సీ దగ్గర మొదలుపెట్టి మేకల అరెస్టు దగ్గర తేలారు. మేకల సంగతి నాకూ ఇష్టమే. 2019లో తెలంగాణలోని హుజూరాబాద్‌లో హరితహారం పథకం కింద నాటిన మొక్కలు తిన్నాయని రెండు మేకల్ని పోలీస్ స్టేషన్‌లో కట్టేస్తే, యజమాని జరిమానా కట్టి విడిపించుకున్నాడు. అంతకు రెండేళ్ళ ముందు ఉత్తరప్రదేశ్‌లో జైలు దగ్గర నాటిన ఖరీదైన మొక్కలు తిన్నాయని గాడిదల్ని ఏకంగా నాలుగు రోజులు లోపలేశారు. నవ్వుకోవడానికి బాగానే ఉంటాయి. కానీ మేకకి గుడ్డిలో మెల్ల ఏంటంటే, అది ఏ నేరం మీద లోపలికి వెళ్ళిందో ఊరంతటికీ తెలుసు. మనుషుల విషయంలో ఆ మాత్రం కూడా ఉండదు.

నన్నడిగితే మన దగ్గర అధికారం హద్దు దాటేది ఎక్కువగా నోటిమాటతోనే. రాసిన ఆర్డరు ఎంత చెత్తదైనా దానికో నంబరు ఉంటుంది, తేదీ ఉంటుంది, కింద ఎవరిదో సంతకం ఉంటుంది. 2023 జనవరిలో మన ఆంధ్రప్రదేశ్‌లో రోడ్ల మీద సభలూ ర్యాలీలూ పెట్టకుండా జీవో నంబర్ 1 తెచ్చారు, 1861 నాటి పోలీసు చట్టాన్ని పట్టుకొని. బ్రిటిష్ వాళ్ళు పోయినా వాళ్ళ లాఠీ మనకి భలే అచ్చొచ్చింది. సరే, అదే ఏడాది మేలో హైకోర్టు దాన్ని కొట్టేసింది. కాగితం మీద ఉంది కాబట్టి కొట్టేయడానికి కుదిరింది. అదే నెలలో ఛత్తీస్‌గఢ్‌లోని కాంకేర్ జిల్లాలో ఒక ఫుడ్ ఇన్‌స్పెక్టర్ సెల్ఫీ తీసుకుంటుంటే లక్ష రూపాయల ఫోన్ రిజర్వాయర్ దగ్గర నీళ్ళలో పడింది. మండుటెండల్లో, పంపులు పెట్టించి లక్షల లీటర్లు తోడించేశాడు. ఎవర్నడిగి తోడావయ్యా అంటే, నీటిపారుదల అధికారి నోటిమాటగా సరే అన్నాడని చెప్పాడు. ఫోన్ దొరికింది, పనిచెయ్యలేదు. అక్కడ ఒక్క కాగితం మీద "అనుమతించడమైనది" అని రాసి సంతకం పెట్టమని ఉంటే ఏ అధికారీ పెట్టేవాడు కాదు. నోరు కాబట్టి సరే అంది.

ఇప్పుడు మా ఇంటి విషయానికొస్తాను.

మా పిన్నికి విశాఖలో మద్దిలపాలెం వైపు ఒక సందు మొదట్లో టిఫిన్ బండి ఉంది. పొద్దున ఇడ్లీ, పూరీ. సాయంత్రం పునుగులు, మిరపకాయ బజ్జీ. బాబాయి పోర్టులో కలాసీ పని చేసి నడుం పడిపోయాక ఇల్లు నడిచింది ఆ బండి మీదే. ఇద్దరు పిల్లల చదువులూ అందులోంచే వచ్చాయి. ఊళ్ళో ఒక పెద్ద సదస్సు పెట్టారు, ఏ సదస్సో ఎందుకులెండి, విశాఖలో వాటికేం కొదవ. పెద్దవాళ్ళు వస్తున్నారని తెలుసుకోడానికి మాకు పేపర్ చదవక్కర్లేదు. డివైడర్‌కి రంగు పడుతుంది, రోడ్డు అంచునంతా బ్లీచింగ్ పౌడర్ గీత పడుతుంది, రాత్రికి రాత్రి పూలకుండీలు దిగుతాయి, సదస్సు అయిన మర్నాడు అవే కుండీలు వ్యాన్ ఎక్కి వెళ్ళిపోతాయి. ఏడాదంతా వెలగని వీధిలైట్లు కూడా ఆ మూడ్రోజులు వెలుగుతాయి.

అలాంటి ఒక పొద్దున, మూకుట్లో నూనె కాగుతుండగా, లారీ వచ్చి ఆగింది. నేను అప్పుడే డ్యూటీకి వెళ్తూ అక్కడ టిఫిన్ తింటున్నాను. దిగినవాళ్ళు ఎవరితోనూ మాట్లాడలేదు, నేరుగా బండి చక్రాల కింద ఉన్న రాళ్ళు తీసేశారు. పిన్ని గబగబా స్టవ్ కట్టేసి, "ఏటి బాబూ, ఒక్క మాట ముందు చెప్తే నేనే సందులోకి తోసుకుందును కదా" అంది. "పైనుంచి ఆర్డరమ్మా, మా చేతుల్లో ఏం లేదు" అన్నాడు ఒకతను. ఆ ఆర్డరేదో చూపించండి అన్నాను. ఫోన్లో చెప్పారన్నాడు. ఎవరు చెప్పారంటే, "పై సార్". ఆ పై సార్ ఎవరంటే, "మీకెందుకు సార్, మీరు తినేసి వెళ్ళండి". కాగుతున్న నూనెని కాలవలో వంపించి, ఇడ్లీ పాత్రలో ఇంకా ఆవిరి వస్తుండగానే బండిని ఎత్తి లారీలో పడేశారు.

ఇక్కడో విశేషం ఉంది. లారీ దిగినవాళ్ళలో ఒకతను పిన్ని దగ్గర రోజూ తినేవాడే, ఖాతా మీద. అతను ఆ రోజు ఆమె మొహం చూడలేదు, అది వేరే సంగతి. ఆ ఖాతా పుస్తకం బండి సొరుగులో ఉంది. సొరుగుతో పాటు అదీ లారీ ఎక్కింది.

బండి ఎక్కడుందో కనుక్కోడానికే తల ప్రాణం తోకకొచ్చింది. ఒక ఆఫీసులో అడిగితే ఇంకో ఆఫీసు, అక్కడ అడిగితే "అది మా పరిధి కాదు". చివరికి ఊరి చివర ఒక ఆవరణలో పెట్టారని ఒక ఆటో డ్రైవర్ చెప్పాడు, ఆఫీసువాళ్ళు కాదు. వెళ్ళి చూస్తే బండి మీద బండి. చెరుకురసం మిషన్లు, కొబ్బరిబోండాల బళ్ళు, ఒక ఇస్త్రీ బండి, దాని మీద ఎవరివో మడతపెట్టిన చొక్కాలు అలాగే ఉన్నాయి. మా బండిలో గిన్నెడు మినప్పిండి ఉండాలి కదా, అది పులిసి పొంగి, మూత తోసేసుకొని పక్కనున్న ఇస్త్రీ బండి మీదికి కారింది. ఈగలు. ఆ వాసనకి పిన్ని కొంగు అడ్డం పెట్టుకుంది, తన చేత్తో రుబ్బిన పిండికి ముక్కు మూసుకోవాల్సి వచ్చిందని ఇప్పటికీ అంటుంది.

అక్కడ రిజిస్టర్ పెట్టుకొని కూర్చున్న పెద్దమనిషి అడిగిన మొదటి ప్రశ్న: "బండి నీదని రుజువేంటి?" పిన్నికి అర్థం కాలేదు. "నా బండి నాదేనని నేనేటి చూపించాలి బాబూ, నా దగ్గర్నుంచే కదా పట్టుకొచ్చారు?" అంది. అలా కుదరదు, బిల్లు కావాలన్నాడు. కంచరపాలెంలో ఒక వెల్డర్ ఎప్పుడో చేసిచ్చిన బండికి బిల్లేంటి? ఆయన పోయి కూడా చాలా కాలమైంది. ఆయన కొడుకు షాపు నడుపుతుంటే కాళ్ళావేళ్ళా పడి తీసుకెళ్ళాం. పాపం ఆ కుర్రాడు పని మానుకొని వచ్చి, వంగి బండి మూలలు చూపించాడు. "ఇది మా నాన్న చేతి పని సార్, ప్రతి మూలకీ లోపల చిన్న ఇనప ముక్క అడ్డంగా అతుకుతాడు, ఇంకెవరూ అలా వెయ్యరు." పెద్దమనిషి కళ్ళజోడు పైకి తోసుకొని చూశాడు. చూసి ఏమన్నాడో తెలుసా? "నోటిమాట చెల్లదు. రాసిమ్మను."

నాకు అక్కడే బీపీ పెరిగింది. ఫోన్లో చెప్పిన ఆర్డరుతో బండి ఎత్తుకొచ్చినవాళ్ళకి మా నోటిమాట చెల్లదట! కుర్రాడు తెల్లకాగితం మీద రాసి, జేబులోంచి షాపు స్టాంపు తీసి కొట్టాడు. ఆ నీలం ముద్ర చూడగానే ఆయన మొహం విప్పారింది. అందులో ఏం రాసుందో చదవను కూడా లేదు.

రిజిస్టర్‌లో మా బండికి ఎదురుగా "పాత ఇనప బండి, 1" అని ఉంది. అంతే. స్టవ్ రాయలేదు, గ్యాస్ బండ రాయలేదు, గిన్నెలు రాయలేదు. రాయలేదు కాబట్టి లేవు. జరిమానా మాత్రం కట్టించుకున్నారు, రసీదు అడిగితే సర్వర్ డౌన్. ఈ సర్వర్ ఏంటో గానీ, మన దగ్గర డబ్బు తీసుకునేటప్పుడు ఒక్కసారీ డౌన్ అవ్వదు, రసీదు ఇచ్చేటప్పుడే దానికి టెన్షన్ వస్తుంది.

తర్వాత ఒక తెలిసిన లాయరు గారు 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం తీసి చూపించారు. చదువుతుంటే వేరే దేశం చట్టమేమో అనిపించింది. ఖాళీ చేయించాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సరుకు పట్టుకుంటే జాబితా రాసి, సంతకం పెట్టి, వ్యాపారికి ఒక కాపీ ఇవ్వాలి. పాడైపోయే సరుకైతే అడిగిన రోజే తిరిగి ఇచ్చెయ్యాలి, మిగతావి రెండు పనిదినాల్లో. ఊళ్ళో ఎవరు ఎక్కడ అమ్ముకోవాలో తేల్చే కమిటీలో 40 శాతం వీధి వ్యాపారులే ఉండాలి. ఆ కమిటీలో మన సందు తరఫున ఎవరున్నారని పిన్నిని అడిగితే, "ఏ కమిటీ?" అంది.

ఇంకో తమాషా చూడండి. 2020లో కరోనా తర్వాత కేంద్రం పీఎం స్వనిధి అని పెట్టి, వీధి వ్యాపారులకి మొదటి విడత 10,000 రూపాయలు అప్పు ఇచ్చింది. పిన్ని తీసుకుంది, వాయిదాలు కట్టింది, మళ్ళీ తీసుకుంది. అంటే రోడ్డు మీద వ్యాపారం చేసుకొమ్మని ఒక చెయ్యి అప్పిస్తుంది, రోడ్డు మీద వ్యాపారం చేస్తున్నావని ఇంకో చెయ్యి లారీ ఎక్కిస్తుంది. బండి ఆవరణలో ఉన్నప్పుడే బ్యాంకు నుంచి వాయిదా మెసేజ్ వచ్చింది. అది మాత్రం రాతపూర్వకంగానే వచ్చింది, తేదీతో సహా.

కొట్టేసిన చట్టాన్ని కూడా వాడతారు కదా, కాగితం ఉంటే మాత్రం ఏం లాభం అని మీరు అడగొచ్చు. ఐటీ చట్టంలో 66ఏ అలాంటిదే. ఫేస్‌బుక్‌లో ఏదో రాశారని జనాన్ని అరెస్టు చెయ్యడానికి వాడేవారు. 2015లో సుప్రీంకోర్టు కొట్టేసింది, అయినా పోలీసులు దాని కింద కేసులు పెడుతూనే ఉన్నారని తెలిసి 2021లో అదే కోర్టు నోరెళ్ళబెట్టింది. ఒప్పుకుంటాను. కానీ ఆ కేసులకి ఎఫ్ఐఆర్‌లు ఉన్నాయి కాబట్టే ఎవరో లెక్కపెట్టి కోర్టు ముందు పెట్టగలిగారు. మా పిన్ని బండి విషయంలో ఏం పట్టుకెళ్ళి ఏ కోర్టు ముందు పెట్టాలి? కాలవలో పోసిన నూనెనా?

ఇప్పుడు ఈ రోగం వాట్సాప్‌కి కూడా పాకింది. మా వీధి డ్వాక్రా గ్రూపులో ఒకసారి వాయిస్ మెసేజ్ వచ్చింది, ఫలానా మీటింగ్‌కి అందరూ రావాలి, రానివాళ్ళ లోన్ సంగతి తర్వాత చూస్తాం అని. మా అమ్మ మోకాళ్ళ నొప్పితోనే బస్సెక్కి వెళ్ళి, ఎండలో కూర్చొని, పులిహోర పొట్లం తిని వచ్చింది. సాయంత్రం నేను వినిపించమంటే ఆ మెసేజ్ లేదు, డిలీట్ చేసేశారు. అదీ వీళ్ళ తెలివి. అందుకే నేను అందరికీ చెప్పేది ఒకటే, ఎవరైనా "పైనుంచి ఆర్డర్" అంటే గొడవ పడకండి, ఫోన్ కెమెరా ఆన్ చేసి, "మీ పేరు, మీ పై సార్ పేరు చెప్పండి, రాసుకుంటాను" అనండి. సగం ఆర్డర్లు అక్కడే ఆవిరైపోతాయి, నేను చూశాను.

పిన్ని మళ్ళీ బండి పెట్టింది, అదే చోట. కొత్త స్టవ్‌కీ గిన్నెలకీ చెవి దుద్దులు తాకట్టుకెళ్ళాయి. ఆ లారీ అతను కొన్నాళ్ళు కనపడలేదు, తర్వాత ఏమీ జరగనట్టే వచ్చి పూరీ చెప్పాడు. పాత బాకీ సంగతి ఎత్తితే, "పుస్తకంలో ఉంటే ఇచ్చేస్తానమ్మా" అన్నాడట.

ఫుట్‌పాత్ నడిచేవాళ్ళది, ఆక్రమణలు తియ్యకపోతే ఎలా అని ఒకాయన వేరే జవాబు కింద రాశారు. నిజమే సార్. మా సందు మొదట్లో అదే ఫుట్‌పాత్ మీద ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఉంది, పక్క షోరూమ్ వాళ్ళ జనరేటర్ ఉంది, ఒక పార్టీ జెండా దిమ్మె ఉంది. లారీ డ్రైవర్ ఆ మూడింటినీ తప్పించుకుంటూ, ముందుకీ వెనక్కీ నానా తంటాలు పడి మరీ పిన్ని బండి దాకా వచ్చాడు. జెండా దిమ్మెకైతే ఆ సదస్సు ఖాతాలో కొత్త రంగు కూడా పడింది.