మడి పారకం నుంచి డ్రిప్‌కి మారితే పెట్టిన డబ్బు తిరిగొస్తుందా?

కాలువలు తీసి మడులకు నీళ్లు కడుతున్నాను, డ్రిప్ (పైపులతో మొక్క మొదట్లోనే చుక్కచుక్కగా నీరిచ్చే పద్ధతి) వేస్తే ఆదాయం నిజంగా పెరుగుతుందా, లేక నీళ్లు మిగలడమేనా అని అడిగారు. మా పొలంలో కూరగాయలకు డ్రిప్ వేశాం, మిగతా భూమికి మడి పారకమే ఉంచాం. రెండూ పక్కపక్కనే చూస్తున్నాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

ముందు మీకు కొరత దేనికో తేల్చుకోండి. నీళ్లకా, భూమికా, మనుషులకా? దాన్నిబట్టే లాభం ఎక్కడినుంచి వస్తుందో తెలుస్తుంది.

నీళ్లకే కొరత అనుకుందాం. పంటకు రోజుకు 5 మి.మీ. నీరు కావాలంటే ఎకరానికి సుమారు 20,000 లీటర్లు. మడి పారకంలో మనం వదిలిన నీటిలో వేళ్లకు అందేది 60 శాతం, స్ప్రింక్లర్‌తో 75, డ్రిప్‌తో 90 అని సాధారణంగా లెక్కేస్తారు. అంటే మడికైతే దాదాపు 33,000 లీటర్లు తోడాలి, డ్రిప్‌కైతే 22,000 చాలు. ఇంకోలా చెప్పాలంటే, ఈ రోజు రెండెకరాలు తడుపుతున్న నీటితోనే మూడెకరాలు తడపొచ్చు. బీడుగా ఉన్న భూమి మీకు ఉంటే ఆ మూడో ఎకరం పంటే మీ లాభం. అలాంటి భూమి లేకపోతే మాత్రం మిగిలిన నీళ్లు మీ చేతికి డబ్బుగా రావు, వేరేచోట చూసుకోవాలి.

ఆ వేరేచోటే నాకు ఎక్కువ కలిసొచ్చింది. మడుల్లో పై మడి మునిగితే గానీ చివరి మడి తడవదు. పైన వేళ్లకు గాలి ఆడక మొక్క పసుపు రంగుకు తిరుగుతుంది, కింద ఎండకు వాడిపోతుంది. పొలమంతటి సగటు దిగుబడిని కిందికి లాగేది ఆ రెండు కొసలే. డ్రిప్‌లో వరుస మొదట్లోని మొక్కకూ చివరి మొక్కకూ ఇంచుమించు ఒకే నీరు అందుతుంది. కాయ ఒకే సైజులో వస్తుంది, కోత ఒకేసారి వస్తుంది, ఏరివేతలో పోయేది తగ్గుతుంది. పూత దశలో నాలుగు రోజులు తడి ఆలస్యమైతే జరిగే నష్టం తర్వాత ఎన్ని నీళ్లు పెట్టినా పూడదు. వాల్వు తిప్పితే తడి అందే ఏర్పాటు ఉన్నప్పుడు ఆ టెన్షన్ ఉండదు. నా దృష్టిలో సాగునీటి మీద పెట్టే ఖర్చుకు అసలు ప్రతిఫలం ఇదే.

ఎరువు సంగతీ అంతే. నత్రజని నీటితోపాటు వేళ్ల కిందికి దిగిపోతుంది. ఎక్కువ నీళ్లు పారిస్తే కొన్న యూరియానే మనం భూమి లోపలికి తోసేస్తున్నట్టు. డ్రిప్‌లో కొద్దికొద్దిగా కలిపి ఇవ్వొచ్చు. సాళ్ల మధ్య నేల పొడిగా ఉంటుంది కాబట్టి కలుపు తక్కువ, నీళ్లు కట్టే మనిషి రోజంతా గట్ల మీద నిలబడక్కర్లేదు. మనుషులు దొరకని చోట ఈ ఒక్కదానికే మారినా తప్పులేదు.

ఇప్పుడు అందరూ చెప్పని విషయం: కరెంటు ఖర్చు ప్రతిసారీ తగ్గదు. నీళ్లు వంద మీటర్ల లోతు నుంచి వస్తుంటే తక్కువ తోడటం వల్ల బిల్లు బాగా తగ్గుతుంది. కానీ నీరు పది మీటర్లలోనే ఉంటే, డ్రిప్‌కి కావలసిన ఒత్తిడి కోసం ఇంకో పది పదిహేను మీటర్ల ఎత్తుకు నెట్టినంత శక్తి అదనంగా కావాలి. అప్పుడు తక్కువ నీళ్లకే ఎక్కువ కరెంటు కాలొచ్చు. దానంతట అదే పారే కాలువ నీటికైతే ఈ ఖర్చు మొత్తం కొత్తదే. అందుకే మెయిన్ పైపు దగ్గర పిసినారితనం వద్దు. పైపు వ్యాసం రెట్టింపైతే అదే ప్రవాహానికి రాపిడి వల్ల పోయే ఒత్తిడి సుమారు ముప్పయ్యో వంతుకు పడిపోతుంది. సన్న పైపుతో ఒకసారి ఆదా చేసింది ఏళ్ల తరబడి మోటారు తినేస్తుంది.

ఫిల్టర్ కూడా అంతే ముఖ్యం. డ్రిప్పర్లు (నీటి చుక్కలు పడే చిన్న రంధ్రాలు) మూసుకుపోయిన డ్రిప్ మడి పారకం కంటే నష్టం, ఎందుకంటే ఎండుతున్న మొక్క మనకు ఆలస్యంగా కనబడుతుంది. మేం ఒకే సైజు డబ్బాలను లాటరల్స్ (మొక్కల వరుస వెంట పరిచే సన్న పైపులు) మొదట్లో, మధ్యలో, చివర పెట్టి ఒకే సమయంలో ఎంత నీరు పడుతుందో కొలుస్తాం. అతి తక్కువ పడిన పావు వంతు డబ్బాల సగటును మొత్తం సగటుతో భాగిస్తే నీరు ఎంత సమానంగా అందుతోందో తెలుస్తుంది. అది తగ్గుతూ వస్తోందంటే లైన్లు కడగాలి, పేరుకున్నవి ఉప్పులైతే యాసిడ్ ట్రీట్‌మెంట్ (లైన్లలోకి యాసిడ్ పంపి ఉప్పులు కరిగించడం) చేయించాలి.

ఇంకో మాట, ఇది మనసులో పెట్టుకోవాలి. అమెరికాలోని కాన్సస్‌లో రైతులు నీటిని పొదుపుగా చల్లే నాజిళ్లకు మారాక భూగర్భజలం తోడకం తగ్గలేదు, పెరిగిందని పరిశోధకులు తేల్చారు. మిగిలిన నీళ్లతో ఎక్కువ నీరు తాగే పంటలు వేశారు, తడిపే విస్తీర్ణమూ పెంచారు. ఆ మూడో ఎకరం అందరూ వేస్తే అందరి బావులూ కలిసే ఎండుతాయి. కొత్త ఎకరాన్ని లెక్కలో చేర్చేముందు బావిలో నీటిమట్టం ఏటికేడు ఎటు పోతోందో చూడండి.

లెక్క వేసేటప్పుడు అన్నిటినీ ఒకే గంపలో కలపకండి. నేలలో పాతే పైపులు చాలాకాలం మన్నుతాయి, పైన పరిచే లాటరల్స్ అంతకాలం ఉండవు, ఫిల్టర్ శుభ్రం ప్రతి వారం పనే. వేటికవి ఏడాదికి ఎంత పడుతుందో రాసుకుని, ఎదురుగా తగ్గే కూలీ, ఎరువు, పెరిగే దిగుబడి రాయండి. దిగుబడి దగ్గర కంపెనీ వాళ్లు చెప్పిన అంకెలో సగమే వేసుకోండి. అప్పుడూ లెక్క నిలబడితే వేయండి.

నిలబడకపోతే నేల చదును చేయించడం, మట్టి కాలువ బదులు పైపు వేయడం, మడులు చిన్నవి చేయడం, వీటితో మొదలుపెట్టండి. వీటికి అయ్యే ఖర్చు చాలా తక్కువ, నీరు సమానంగా అందడంలో తేడా ఆ పంటలోనే కనిపిస్తుంది. మీ నేల ఇసుకదా, బంకమట్టా, నీరు ఎంత లోతులో ఉంది, ఏ పంట వేస్తారు అన్నది రాస్తే లెక్క ఎలా వేయాలో వివరంగా చెబుతాను.