భూకంపానికి ముందు బోరు నీళ్లలో రాడాన్ పెరుగుతుందా? ఊరూరా మీటర్లు పెడితే ముందే తెలుస్తుందా?

మీరు ములుగు జిల్లా నుంచి అడిగారు కదా: 2024 డిసెంబర్ 4న భూమి కంపించాక మీ బోరు నీళ్లు తెల్లగా వస్తున్నాయని, భూకంపానికి ముందు నీళ్లలో రాడాన్ వాయువు పెరుగుతుందని చదివారని, బోర్లకు మీటర్లు బిగిస్తే ముందే తెలిసిపోదా అని. నేను జియాలజీ చదివి, నల్లగొండ వైపు గ్రానైట్ రాళ్లలో వేసిన బోర్ల నీళ్లలో రాడాన్ కొలిచే ప్రాజెక్టులో పనిచేశాను. నాకు తెలిసింది చెప్తాను.

ముందు తెల్లనీళ్ల సంగతి. గాజు గ్లాసులో పట్టి కదపకుండా పెట్టండి. కింది నుంచి పైకి తేటపడుతూ వస్తే అది నీళ్లలో కలిసిన గాలి. అడుగున మట్టి దిగితే, రాతి పగుళ్లలో పేరుకున్న మెత్తటి మన్ను కదిలిందన్నమాట. భూకంపం తర్వాత ఈ రెండోది చాలా చోట్ల జరిగేదే. రాడాన్‌కు మాత్రం రంగూ లేదు, వాసనా లేదు, రుచీ లేదు. మీటరు లేకుండా అది పెరిగిందని ఎవరూ చెప్పలేరు.

రాతిలో కొద్దిపాటి యురేనియం ఉంటుంది. అది విచ్ఛిన్నమవుతూ రేడియంగా, అందులోంచి రాడాన్‌గా మారుతుంది. భూమి లోపల ఒత్తిడి పెరిగి రాయిలో సన్నటి పగుళ్లు పుడితే, లోపల చిక్కుకున్న వాయువు నీళ్లలోకి వస్తుంది. సిద్ధాంతం ఇంతే, ఇందులో తప్పు లేదు. కానీ రాడాన్ 3.8 రోజుల్లో సగానికి పడిపోతుంది. ములుగు భూకంపం 40 కిలోమీటర్ల లోతున పుట్టిందని జాతీయ భూకంప కేంద్రం చెప్పింది. అంత లోతు నుంచి బయల్దేరిన వాయువు మీ బోరు దాకా మిగిలి రాలేదు. మీ బోరులో కనపడేది మీ బోరు చుట్టుపక్కల రాయి ఇచ్చిందే.

కొలవడంలో ఎంత పేచీ ఉందో చేస్తేనే తెలుస్తుంది. మోటారు వేసిన వెంటనే పట్టిన సీసాకూ, అరగంట తోడాక పట్టిన సీసాకూ రీడింగు కలవదు. కేసింగ్‌లో నిలవున్న నీళ్లలో రాడాన్ అప్పటికే తగ్గిపోయి ఉంటుంది. పగుళ్లలోంచి కొత్త నీళ్లు వచ్చేకొద్దీ పెరుగుతుంది. పైపు సీసా అడుగుదాకా దింపి, నీళ్లు పొంగి పొర్లనిచ్చి, ఒక్క బుడగ కూడా లేకుండా మూత బిగించాలి. బుడగ ఉంటే వాయువు అందులోకి పోతుంది. మీటరులోకి తేమ పోకుండా నీలం గుళికల గొట్టం ఒకటి పెడతాం. అవి గులాబీ రంగులోకి తిరిగితే గుళికలు మార్చాల్సిందే. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా, ఒకే బోరులో ఎండాకాలం రీడింగు ఒకలా, వానలు పడ్డాక మరోలా ఉండేది. పక్క పొలంలో మోటార్లు ఎక్కువసేపు నడిచినా మారేది. ఆ రోజుల్లో అక్కడ భూకంపం ఏదీ లేదు.

అలాగని ఇదంతా పుకారు అనుకోవద్దు. 1966 ఏప్రిల్ 26న తాష్కెంట్‌లో భూకంపం రాకముందు లోతైన మినరల్ వాటర్ బావిలో రాడాన్ పెరగడం నమోదైంది. జపాన్‌లో కోబే భూకంపం 1995 జనవరి 17న వచ్చింది. దగ్గర్లోని నిషినోమియాలో 17 మీటర్ల బావిలో రాడాన్ అంతకుముందు రెండు నెలల్లో నాలుగింతలైంది. జనవరి 8న పదింతలు దాటి, తర్వాత తగ్గడం మొదలైంది. వింటే ఒళ్లు జలదరిస్తుంది. కానీ అక్కడ వరుస కొలతలు మొదలైందే 1994 అక్టోబర్ చివర్లో. అంతకుముందు సంవత్సరాల్లో అదే నెలల్లో ఆ బావి ఎలా ఉండేదో పోల్చడానికి తగినంత లెక్క లేదు.

అందుకే నాకు అదే కోబే నుంచి వచ్చిన మరో పరిశోధన ఎక్కువ నచ్చుతుంది. అక్కడి భూగర్భజలాన్ని సీసాల్లో నింపి అమ్మేవారు. శాస్త్రవేత్తలు భూకంపం తర్వాత, తయారీ తేదీ చూసి 1993 జూన్ నుంచి నింపిన సీసాలు సేకరించారు. 1994 జూలై దాకా ఆ నీళ్లలో క్లోరైడ్ (ఉప్పులో ఉండే పదార్థం) దాదాపు నిలకడగా ఉంది, ఆగస్టు నుంచి పెరుగుతూ వచ్చింది. ముందు ఏడాది పైచిలుకు లెక్క ఉంది కాబట్టి ఆ పెరుగుదలకు విలువ వచ్చింది.

ఇక హెచ్చరిక సంగతి. ఇటలీలో 2009లో జాంపాలో జులియాని అనే టెక్నీషియన్ రాడాన్ చూసి భూకంపం వస్తుందన్నాడు. మార్చి చివర్లో సుల్మోనా పట్టణంలో ఆ భయం పాకింది. అక్కడ ఏమీ కాలేదు. ఏప్రిల్ 6 తెల్లవారుజామున కొన్ని పదుల కిలోమీటర్ల అవతల లాక్విలా కూలింది, 300 మందికి పైగా చనిపోయారు. ఏదో జరగబోతోందని చెప్పడం వేరు, ఏ ఊరు, ఏ రోజు, ఎంత తీవ్రత అని చెప్పడం వేరు. ఊరు ఖాళీ చేయించాలంటే ఆ మూడూ కావాలి. రాడాన్‌తో ఆ మూడూ సరిగ్గా చెప్పి జనాన్ని కాపాడిన సందర్భం ఇంతవరకూ లేదు.

మన గోదావరి లోయలో ఇంకో చిక్కు ఉంది. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో వచ్చింది. 2024లో 5.3. మధ్యలో 55 ఏళ్లు. ఒక సంకేతాన్ని నమ్మాలంటే అది ఎన్నిసార్లు నిజమైందో, ఎన్నిసార్లు ఉత్తిదైందో లెక్కపెట్టాలి. ఇంత అరుదుగా కంపించే చోట ఆ లెక్క తేలేదెప్పుడు? మన హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) వాళ్లు ఏళ్ల తరబడి మహారాష్ట్రలోని కొయనా డ్యామ్ ప్రాంతం మీద దృష్టి పెట్టడానికి కారణం ఇదే. 1967లో 6.3 తీవ్రతతో వచ్చిన భూకంపం తర్వాత అక్కడ చిన్నాపెద్దా కంపనాలు ఆగలేదు. బోర్లలో నీటిమట్టం గమనిస్తూ పోల్చుకోవడానికి తగినన్ని సందర్భాలు దొరుకుతాయి.

కాబట్టి పంచాయతీ డబ్బుతో ఊరూరా రాడాన్ మీటర్లు పెట్టమని నేను చెప్పను. ఒక్క రీడింగు పెరిగిందని వాట్సాప్‌లో పడితే జనం పిల్లల్ని తీసుకుని చలిలో ఆరుబయట పడుకుంటారు. ఆ డబ్బు బడి గోడల పగుళ్లు చూపించి బాగుచేయించడానికి పెట్టించండి. మీకు నిజంగా ఆసక్తి ఉంటే, వాడకుండా వదిలేసిన బోరు ఒకటి చూసుకుని వారానికోసారి నీటిమట్టం కొలవండి. తేదీ, టైము, పడిన వాన, పక్క మోటార్లు నడిచాయా లేదా, అన్నీ నోటుబుక్కులో రాయండి. మీ మండలంలో భూగర్భజల శాఖ పీజోమీటరు (నీటిమట్టం కొలవడానికే వేసిన బోరు) ఉంటే ఆ లెక్కతో పోల్చుకోండి.