సరస్సు సంఘంలో చేరుతున్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

పడవలో తప్ప చేరుకోలేని చోట కాటేజీ కొన్నావనీ, అప్పుడే అక్కడి కాటేజీల వాళ్ల సంఘం కమిటీలోకి రమ్మన్నారనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. తప్పకుండా చేరు. కెనడాలో, మీ అంటారియోలో అలాంటి మారుమూల సరస్సుల బాగోగులు ఏళ్ల తరబడి పట్టించుకునేది ఎక్కువగా ఆ సంఘాలే.

చేరగానే బోర్డులు పెట్టిద్దాం, ర్యాలీ తీద్దాం అనిపిస్తుంది. అవన్నీ తర్వాత. ముందు నీళ్లు కొలిచే పని అడిగి తీసుకో. లేక్ పార్ట్‌నర్ ప్రోగ్రామ్ అని 1996 నుంచి నడుస్తోంది. డోర్సెట్‌లోని ప్రభుత్వ పరిశోధన కేంద్రం వాళ్లు సీసాలు పంపుతారు. మంచు కరిగాక, మే నెలలో, సరస్సులో బాగా లోతున్న చోట నీళ్లు పట్టి పంపితే ఫాస్ఫరస్ ఎంతుందో చెబుతారు. ఆపైన నెలకోసారి, నీరు ఎంత తేటగా ఉందో చూసే సెక్కీ డిస్క్ దింపాలి. నలుపు తెలుపు భాగాలున్న 20 సెంటీమీటర్ల బిళ్ల అది. పడవ నీడ పడే వైపు దింపు, చలవ కళ్లద్దాలు తీసెయ్. కనబడకుండా పోయిన లోతూ, పైకి లాగుతుంటే మళ్లీ కనబడిన లోతూ రాసుకుని సగటు తియ్యి. ఒక్క ఏడాది అంకెతో ఏమీ తేలదు. పదేళ్ల అంకెలు వరసగా ఉంటేనే నీరు ఎటు పోతోందో తెలుస్తుంది. అందుకే చోటు మారకూడదు, పుస్తకం పోకూడదు.

ఫాస్ఫరస్‌నే ఎందుకు పట్టుకోమంటున్నానంటే, 1973లో అదే రాష్ట్రంలో, కెనోరా వైపున్న 226వ నంబరు సరస్సును శాస్త్రవేత్తలు మధ్యలో తెర కట్టి రెండుగా చేశారు. రెండువైపులా కార్బన్, నైట్రోజన్ కలిపారు. ఫాస్ఫరస్ మాత్రం ఒకవైపే. ఆ వైపంతా నాచుతో పచ్చబడిపోయింది. మన కాటేజీల దగ్గర ఆ ఫాస్ఫరస్ ఎక్కువగా వచ్చేది సెప్టిక్ ట్యాంకుల నుంచీ, ఒడ్డుదాకా పెంచిన గడ్డికి వేసే ఎరువు నుంచీ. కింద రాయి, పైన పల్చటి మట్టి. ఆగేదెక్కడ?

ఇక్కడే జాగ్రత్త. పొరుగువాడి ట్యాంకు గురించి మొదటి మీటింగులోనే ఎత్తావా, ఆ తలుపు నీకిక తెరుచుకోదు. ముందు నీది తోడించు. అక్కడికి లారీ రావాలంటే పంటు మీద ఎక్కించి తేవాలి, ఖర్చు బోలెడు. నలుగురైదుగురిని కలిపి ఒకే ట్రిప్పులో ముగించేలా సంఘం తరఫున నువ్వే మాట్లాడిపెట్టు. డబ్బు ఆదా అవుతుందంటే వద్దనేవాడుండడు. ఉపన్యాసాల కంటే సరస్సుకు అదే ఎక్కువ మేలు. ఒడ్డున పొదలు కొట్టకుండా ఉంచడమూ అంతే, చేసి చూపించు.

పడవలు దింపే రేవు ఒక్కటే కదా, వారాంతాల్లో అక్కడ ఒకరు ఉండాలి. 2022 జనవరి నుంచి పడవను రోడ్డెక్కించే ముందు నాచు తీసేసి, నీళ్లు వంపేయాలని చట్టం ఉంది. చాలామందికి తెలియదు, మర్యాదగా చెబితే వింటారు. ఒడ్డుకు 30 మీటర్లలోపు గంటకు 10 కిలోమీటర్లు దాటకూడదని కూడా చెప్పు. లూన్ పక్షులు నేలమీద సరిగ్గా నడవలేవు, నీటి అంచునే గూడు కడతాయి. పెద్ద అల ఒక్కటి వస్తే గుడ్లు పోతాయి.

దగ్గర్లో ఫస్ట్ నేషన్ వాళ్లు, అంటే అక్కడి ఆదివాసులు, ఉంటే మొదటి ఏడాదే వెళ్లి కలువు. ఆ నీళ్లు మనకంటే వాళ్లకు బాగా తెలుసు.

డిస్క్‌కి తడిస్తే సాగని తాడే కొను. అర మీటరుకొక చెరగని గుర్తు పెట్టి, మే లోపల సిద్ధంగా ఉంచుకో.

ప్రేమతో,
మామయ్య