చిన్నీ, ఆ క్యాంపెయిన్ మీద అభిప్రాయం రాసే ముందు ఇది చదువు

చిన్నీ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి మాటల మధ్యలో "దీనికెవరో అంతరిక్షం గేమ్ పంపారట, ఆడి ఎలా ఉందో రాసి పంపాలట, రాత్రుళ్ళు దాంతోనే కూర్చుంటోంది" అంది. ఏ గేమో వదినకి తెలీదు. నీకు మెసేజ్ పెడితే ఫ్రీస్పేస్ 2 అన్నావు. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. 1999లో వచ్చిన గేమ్‌కి ఇప్పటికీ ఎవరో కూర్చుని కొత్త కథ అల్లి, మిషన్లు కట్టి, ఆ వరసని క్యాంపెయిన్‌గా విడుదల చేసే ముందు చూసిపెట్టమని మా పిల్లని అడిగారంటే గర్వంగా ఉండదా మరి! ఆ వెంటనే భయం కూడా వేసింది. నీకు నచ్చకపోతే మొహమ్మీదే చెప్పేస్తావు. ఎదుటిమనిషి కళ్ళముందుంటే ఫర్వాలేదు, వాడి మొహం చూసి మాట సర్దుకుంటాం. రాతలో ఆ వీలుండదు.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తా. రీడ్‌మీ, అంటే వాళ్ళు రాసిపెట్టిన సూచనల ఫైల్, మొత్తం చదువు. కొత్త పైలట్‌ని (గేమ్‌లో నీ పేరుతో ఉండే ఖాతా) పెట్టుకుని మొదలెట్టు. మొదటిసారి మీడియంలోనే ఆడు, అన్నిటికంటే కష్టమైన ఇన్‌సేన్‌లో ఆడి కష్టంగా ఉందని రాయకు. మిషన్ అవగానే నాలుగు ముక్కలు రాసుకో, రేపు రాద్దామనుకుంటే ఏ మిషన్లో ఏం జరిగిందో కలిసిపోతుంది. వాళ్ళు ఏ బిల్డ్ (గేమ్ ఇంజన్ వెర్షన్) మీద ఆడమన్నారో సరిగ్గా దానిమీదే, ఇంకే మాడ్ (గేమ్‌ని మార్చే అదనపు ఫైళ్ళు) తగిలించకుండా ఆడు.

ఈ చివరిది నువ్వు తేలిగ్గా తీసుకుంటావని నా టెన్షన్. అందుకే కాస్త వివరంగా చెప్తున్నా, విను.

2002లో గేమ్ తయారుచేసిన కంపెనీ వాళ్ళు సోర్స్ కోడ్ బయటపెట్టారు కదా, అప్పట్నుంచి అభిమానులు ఇంజన్‌ని మారుస్తూనే ఉన్నారు. కొత్త గ్రాఫిక్స్, కొత్త మోడల్స్, కొత్త ఏఐ, అన్నీ మంచికే. కానీ ఒకే మిషన్ ఒకరి కంప్యూటర్లో ఒకలా, ఇంకొకరి కంప్యూటర్లో ఇంకోలా నడిచే ప్రమాదం కూడా దాంతోనే వచ్చింది. నా స్నేహితుడొకడు ఉండేవాడు, నాకంటే ఎంతో బాగా ఆడేవాడు, బాంబర్ నడిపితే చూడముచ్చటగా ఉండేది. వాడికి ఇలాగే ఒక క్యాంపెయిన్ పరీక్షించమని వచ్చింది. కట్టింది ఎవరో కాలేజీ కుర్రాడు, మొదటి ప్రయత్నం. మావాడు తన దగ్గరున్న బొమ్మల మాడ్‌లన్నీ అలాగే ఉంచి ఆడేశాడు. నాలుగో మిషన్లో శత్రువుల క్రూయిజర్ ఒకటి వస్తుంది, దాని కమ్యూనికేషన్స్ సబ్‌సిస్టమ్ (ఓడలో ఆ పని చేసే భాగం) కొట్టేయాలి, అప్పుడు మనవాళ్ళ కాన్వాయ్ జంప్ చేసి అక్కణ్ణుంచి వెళ్ళిపోతుంది. మావాడు ఎంత కొట్టినా ఆ కాన్వాయ్ కదల్లేదు. క్రూయిజర్‌నే పేల్చేశాడు, అయినా కదల్లేదు. ఖాళీ ఆకాశంలో అరగంట తిరిగి, విసిగిపోయి, "నాలుగో మిషన్ పూర్తిచేయడం అసాధ్యం, కట్టినవాడు తన మిషన్ తను ఒక్కసారైనా ఆడినట్టు లేడు" అని అందరూ చదివేచోట రాసి పడేశాడు.

ఆ కుర్రాడు గొడవ పడలేదు. "క్షమించండి, చూస్తాను" అని ఒక్క ముక్క రాశాడు. ఆ తర్వాత వారాల తరబడి అదే మిషన్‌ని విప్పి కట్టుకుంటూ కూర్చున్నాడు. తన దగ్గర ఎన్నిసార్లు ఆడినా సరిగ్గానే నడుస్తుంది, తప్పెక్కడుందో దొరకదు. నాకు అనుమానమొచ్చి ఆ మిషన్ ఫైల్‌ని మిషన్లు కట్టే ఎడిటర్ ఫ్రెడ్‌లో తెరిచి చూశా. ఈవెంట్లన్నీ శుభ్రంగా ఉన్నాయి. ఫలానా ఓడలో ఫలానా సబ్‌సిస్టమ్ ధ్వంసమైతే కాన్వాయ్‌కి ఆర్డర్ వెళ్ళాలి, అంతే. మావాడి బొమ్మల మాడ్‌లో ఆ ఓడ మోడల్‌కి ఆ పేరుతో సబ్‌సిస్టమే లేదు! లేనిదాన్ని ఎవరు మాత్రం ఎలా పగలగొడతారు? ఆ సంగతి చెప్పగానే మావాడు నొచ్చుకున్నాడు, రాసింది వెనక్కి తీసుకున్నాడు, ఆ కుర్రాడికి విడిగా ఉత్తరం కూడా రాశాడు. జవాబు రాలేదు. ఆ క్యాంపెయిన్ సగంలోనే ఆగిపోయింది. ఆ మొదటి మూడు మిషన్లు నేను ఆడాను చిన్నీ, బాగున్నాయి. నెబ్యులా అనే పొగమేఘంలో ఏమీ కనబడకుండా, రాడార్ మినుకుమినుకుమంటూ ఉంటే, ఒక్కో ఓడ పొగలోంచి బయటికొచ్చే తీరు అంత బాగా కట్టినవాళ్ళని తక్కువమందిని చూశాను. ఆ పిల్లాడు ఆ తర్వాత ఇంకేం కట్టేవాడో మనకిక తెలీదు.

అందుకే, ఏదైనా పనిచేయకపోతే ముందు నీ కంప్యూటర్‌ని అనుమానించు. మాడ్‌లన్నీ తీసేసి మళ్ళీ ఆడు. అప్పటికీ అదే జరిగితే తప్పుల్ని ఫైల్‌లో రాసిపెట్టే డీబగ్ బిల్డ్‌లో ఆడి, ఆ లాగ్ ఫైల్ వాళ్ళకి విడిగా పంపు. నలుగురిలో రాయడం ఆ తర్వాత.

ఇక అసలు పరీక్ష. బాగా ఆడి గెలిచేస్తే క్యాంపెయిన్ గురించి నీకు సగమే తెలుస్తుంది. చెడగొట్టి చూడు. ఒకసారి ఇంజన్ ఆపేసి ఊరికే కూర్చో. నువ్వు వేలు కదపకుండానే నీ వింగ్‌మెన్, అంటే తోటి పైలట్లు, మిషన్ గెలిచేశారంటే అక్కడ నీకు పని లేనట్టే, అది పెద్ద లోపం. ఇంకోసారి కాపాడాల్సిన ఓడని కావాలని చావనివ్వు, మిషన్ అయ్యాక వచ్చే డీబ్రీఫింగ్‌లో ఏం రాస్తుందో చూడు. మనుషులందరూ పోయాక కూడా "శభాష్ పైలట్" అంటే కట్టినవాళ్ళు ఓటమి గురించి ఆలోచించలేదన్నమాట. అసలు గేమ్ చివరి మిషన్ గుర్తుంది కదా, సూపర్‌నోవా వచ్చేలోగా నువ్వు జంప్ చేశావా, కాన్వాయ్‌ల కోసం ఉండిపోయావా అన్నదాన్నిబట్టి ముగింపే మారిపోతుంది. అంతటిది అందరూ చేయక్కర్లేదు గానీ, నేను చేసింది ఎక్కడో ఒకచోట లెక్కలోకి రావాలి.

పెద్ద ఓడలు కొట్టుకునే మిషన్లలో ఇది మరీ జాగ్రత్తగా చూడు. కొత్తవాళ్ళకి బీమ్‌లంటే, అదే పెద్ద ఓడలు కాల్చే కాంతి ఆయుధాలంటే, మోజు. రెండు డిస్ట్రాయర్లు ఎదురెదురుగా పెట్టి ఆకుపచ్చ, ఎరుపు గీతలు కాల్పిస్తారు, మనం దోమలా చుట్టూ తిరుగుతాం. అసలు గేమ్‌లోని బేర్‌బైటింగ్ మిషన్‌తో పోల్చి చూడు. శత్రువుల సథానాస్ అంతటి ఓడకి ముందువైపున్న నాలుగు బీమ్ కానన్లని మనమే వెళ్ళి పగలగొట్టాలి, ఎన్ని మిగిలాయన్నదాన్నిబట్టి తర్వాతి మిషన్లో మనవాళ్ళ పెద్ద ఓడ కొలోసస్ దెబ్బ తింటుంది. నేను వదిలేసిన కానన్ కొలోసస్‌ని కాలుస్తుంటే కడుపులో దేవినట్టయింది. ఆ బాధ్యత నీకు తెలిసిందా లేదా అన్నది తప్పకుండా రాయి.

మెసేజ్‌లు గమనించు. గొంతులు లేని క్యాంపెయిన్ అయితే, వెనక మిస్సైల్ తరుముతున్నప్పుడు మూడు లైన్ల డైలాగ్ వస్తే ఎవరు చదువుతారు? ఏమీ జరగని చోట నీ చెయ్యి టైమ్ కంప్రెషన్ (ఆటని వేగంగా నడిపే మీట) మీదకి ఎన్నిసార్లు వెళ్ళిందో కూడా రాసుకో. కథ విషయంలో మాత్రం కాస్త ఓపిక పట్టు. శత్రువులైన శివన్లనే గ్రహాంతరవాసులెవరో, ఎందుకొచ్చారో విప్పి చెప్పేసే కథలు నాకు నచ్చవు, వాళ్ళ గురించి తెలియకపోవడమే నాకు వణుకు పుట్టించింది. కానీ అది నా ఇష్టం. నచ్చకపోవడం వేరు, చెడిపోవడం వేరు, ఆ రెండూ నీ రాతలో కలవకూడదు. చెడినచోట మిషన్ పేరు, నువ్వు ఏం చేస్తుండగా జరిగింది, ఏ కష్టం స్థాయిలో ఆడావు, అన్నీ ఉండాలి. "బోరు కొట్టింది" అని రాస్తే వాళ్ళు ఏం బాగుచేసుకోగలరు?

బాగున్నవి కూడా అంతే వివరంగా రాయి, "సూపర్" అని తేల్చేయకు. జీతం లేకుండా చేసేవాళ్ళకి ఏ పని సరిగ్గా కుదిరిందో తెలిస్తే దాన్ని మళ్ళీ చేస్తారు. మొదటి గేమ్‌కి కంపెనీ ఇచ్చిన సైలెంట్ థ్రెట్ అనే అదనపు క్యాంపెయిన్ చాలామందికి నచ్చకపోతే అభిమానులే దాన్ని మళ్ళీ కట్టారు. ఇదే ఇంజన్ మీద అభిమానులు కట్టిన వింగ్ కమాండర్ సాగా 2012లో బయటికొచ్చేసరికి దానివెనక సుమారు పదేళ్ళ శ్రమ ఉంది. ఇలాంటివాళ్ళు నీ మాట కోసం ఎదురుచూస్తున్నారు తల్లీ, అది చిన్న విషయం కాదు.

రాత్రి ఒంటిగంట దాటాక ఆడిన మిషన్ గురించి తీర్పు రాయకు, పొద్దున్న మళ్ళీ ఆడి రాయి. జాయ్‌స్టిక్ పట్టుకున్న చేతికి మధ్యమధ్యలో విశ్రాంతివ్వు, మణికట్టు నొప్పి మొదలైతే తగ్గడానికి నెలలు పడుతుంది. వదిన కేకలేస్తే ఎదురు చెప్పకు, నేను మాట్లాడతాలే. రాసింది వాళ్ళకి పంపే ముందు నాకోసారి పంపు, ఒక్క అక్షరం మార్చను, ఎక్కడైనా మాట దురుసుగా పడిందేమో చూస్తానంతే. మిషన్ ఫైల్స్ కూడా జతచెయ్యి. నాకూ ఆడాలనుంది.

మీ బాబాయ్